భూరిది ఆకలి కాదు

నా చిన్నప్పుడు కుక్క మూతి నాక్కుంటే దానికి ఆకలేస్తోందనే అనుకునేదాన్ని. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. బెల్లం డబ్బా మూత తీసిన చప్పుడు వింటే నేనూ పెదాలు తడుపుకునేదాన్ని, కుక్కకూ అంతే కదా అని నాకు నేనే తేల్చుకున్నాను. ఆ చిన్న పొరపాటు ఎక్కడిదాకా పోయిందో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

అప్పుడు మేము నాచారంలో ఉండేవాళ్ళం. ఫ్యాక్టరీల వెనక, ఒకే ప్రహరీలో వరుసగా కట్టిన ఐదు గదుల్లో చివరిది మాది. ముందున్న పెద్ద ఇంట్లో ఓనరమ్మ ఉండేది. అమ్మా నాయనా జనగామ దిక్కు పల్లె నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు. పొద్దున సైరన్ మోగకముందే చెరో ఫ్యాక్టరీకి బయలుదేరేవాళ్ళు. నాకు రెండేళ్ళప్పుడు జ్వరం వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. బడి దూరం, దారి పొడుగునా లారీలు. అందుకని నన్ను బడికి పంపలేదు. నాయన వాళ్ళక్క, మా మేనత్త, భర్త పోయాక మా దగ్గరే ఉండేది. చిన్నతనంలో మిషన్ హాస్టల్లో ఉండి ఏడో తరగతి దాకా చదువుకుంది. నాకు అక్షరాలు, ఎక్కాలు, బైబిలు చదవడం, గుండీలు కుట్టడం, అన్నీ ఆమె దగ్గరే వచ్చాయి. ఈ మాటలు రాస్తున్న చెయ్యి ఆమె పట్టుకుని దిద్దించిన చెయ్యే. ఇది మొదటే చెప్పుకోవాలి. లేకపోతే తర్వాత చెప్పబోయేది అన్యాయంగా వినిపిస్తుంది.

మేనత్తకు ఒక పట్టుదల ఉండేది. రోజూ పొద్దుగూకాక చాప మీద అందరం ప్రార్థనకు కూర్చునేవాళ్ళం. ఆ రోజు నేను ఏదైనా అబద్ధం ఆడి ఉంటే, ముందు నల్లా దగ్గరికి పోయి నోరు పుక్కిలించి రావాలి. "అబద్ధమాడిన నోటితోని దేవుని పేరు తియ్యొద్దు బిడ్డా" అనేది. తిట్టేది కాదు, కొట్టేది కాదు. చెంబు చేతికిచ్చి ఊరుకునేది. చలికాలంలో ఆ చల్లటి నీళ్ళు పళ్ళకు తగిలితే అబద్ధం ఎంత బరువో తెలిసేది. ఆమె మాత్రం చెంబు పట్టుకుని నల్లా దగ్గరికి పోవడం నేనెప్పుడూ చూడలేదు. అందుకని ఆమె నోటి నుంచి వచ్చిన ప్రతి మాటా నాకు బైబిలు వాక్యంతో సమానం.

భూరి ఎక్కడి నుంచో వానకు తడిసి మా గుమ్మంలోకి వచ్చిన కుక్కపిల్ల. గోధుమరంగులో ఉందని, ఆ రంగును ఉర్దూలో అట్లా అంటారని నాయన దానికి ఆ పేరు పెట్టాడు. నాతో ఆడుకునే పిల్లలంతా పగలు బడికి పోయేవాళ్ళు. పలక ముందేసుకుని నేను, నా పలక పక్కన భూరి. నా నడకకు తగ్గట్టు అది కూడా ఆగి ఆగి నడిచేది. అందరూ చూసి నవ్వేవాళ్ళు, "నీ కుక్క గూడ కుంటుతుందే" అని. నాకు కోపం వచ్చేది కాదు. తోడు దొరికినందుకు రోజూ రాత్రి దేవునికి వందనాలు చెప్పుకునేదాన్ని.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒక మధ్యాహ్నం, ఓనరమ్మ మనవరాలు మా గుమ్మం ముందుకు వచ్చింది. నాలుగేళ్ళ పిల్ల. భూరి మెడ చుట్టూ రెండు చేతులూ వేసి, ముఖంలో ముఖం పెట్టి గట్టిగా పట్టుకుంది. భూరి మూతి నాక్కుంది. తల పక్కకు తిప్పుకుంది. మళ్ళీ నాక్కుంది. నేను గుమ్మంలో కూర్చుని ఎక్కాలు రాసుకుంటున్నాను. పెద్ద తెలిసినదానిలాగా అన్నాను, "దానికి ఆకలైతుంది. నీ బిస్కెట్ దాని నోటి కాడ పెట్టు." ఆ పిల్ల మెడ వదలకుండానే బిస్కెట్ నోట్లో కుక్కబోయింది. భూరి గుర్రుమంది. ఆ పిల్ల నవ్వింది, నేనూ నవ్వాను. ఆ తర్వాత ఒక్క అరుపు. బుగ్గ మీద రెండు గాట్లు, నెత్తురు.

ఆ రోజుల్లో కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. ఆ పసిపిల్లను ఎత్తుకుని వాళ్ళు రోజూ పెద్ద దవాఖానాకు పోయివస్తుంటే నేను తలుపు చాటు నుంచి చూసేదాన్ని. నేను అన్న మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే నన్ను కొడతారని కాదు, భూరిని వెళ్ళగొడతారని. చెప్పకపోయినా ఓనరమ్మ మూడో రోజు మా గుమ్మంలో నిలబడింది.

"కుక్కన్న ఉండాలె, మీరన్న ఉండాలె. ఆదివారం దాక సూస్త. గంతే" అంది నాయనతో.

అంత తక్కువ కిరాయికి, ఫ్యాక్టరీకి నడిచిపోయేంత దగ్గర్లో ఇంకో గది దొరకదు. ఆ సంగతి నాకూ తెలుసు. ఆ రాత్రి పెద్దవాళ్ళు ముగ్గురూ గుసగుసగా మాట్లాడుకుంటుంటే, నేను దుప్పటి కింద భూరి మెడ మీద చెయ్యి వేసి పడుకుని, ప్రభువా దీన్ని నాకు ఉంచు అని అడిగాను. నాకు కావలసింది ఆ ఒక్కటే.

పొద్దున మేనత్త నా పక్కన కూర్చుని జడ వేస్తూ చెప్పింది. "దానికి గూడ సూది ఏపియ్యాలె బిడ్డా. ఉప్పల్ పశువుల దవాఖానల పది రోజులు ఉంచుకుంటరట. ఏం రోగం లేదంటే తెచ్చుకుందాం. గప్పుడు ఓనరమ్మ గూడ ఏమనది."

నా ప్రార్థనకు జవాబు వచ్చిందని నేను మేనత్త మెడ పట్టుకుని ముద్దు పెట్టుకున్నాను. ఆమె జడ వేస్తూనే ఉంది.

నాయన ఒక తొక్కుడు రిక్షా మాట్లాడుకుని వచ్చాడు. తాడు చేతిలో పట్టుకుని భూరి వైపు నడిచేసరికి అది నీళ్ళ తొట్టి వెనకకు దూరింది. ఎంత పిలిచినా రాలేదు. రిక్షా అతను ఒక చేత్తో సంచి పట్టుకుని ఇంకో వైపు నుంచి వచ్చాడు. అది ఇంకా లోపలికి పోయింది. అప్పుడు మేనత్త నా వైపు చూసి, "నువ్వు పిలువు బిడ్డా. నువ్వు పిలిస్తే వస్తది" అంది.

నేను గుమ్మంలో కూర్చుని తొడ మీద చరిచి పిలిచాను. భూరి తొట్టి వెనక నుంచి బయటికి వచ్చింది. చెవులు వెనక్కి వాల్చి, పొట్ట నేలకు తగిలేట్టు వంగి, రెండడుగులు వేసి ఆగింది. మూతి నాక్కుంది. ఆవులించింది. పొద్దున్నే నిద్రలేచిన కుక్క ఆవులించడమేమిటని నాకు నవ్వొచ్చింది. ఇంకో రెండడుగులు. మళ్ళీ నాక్కుంది. ముఖం నా నుంచి పక్కకు తిప్పి, కళ్ళ కొనల్లోంచి నన్ను చూసింది. "అత్తమ్మా, దీనికి ఆకలైతుంది, రొట్టె తే" అన్నాను. మేనత్త రాత్రి మిగిలిన జొన్నరొట్టెలో బెల్లం పెట్టి తెచ్చింది. భూరికి అది ప్రాణం. నా ఒడి దాకా వచ్చి, రొట్టె పక్కనే మూతి పెట్టి, దాన్ని ముట్టకుండా నిలబడింది. ఆకలైన కుక్క బెల్లం రొట్టె ఎందుకు ముట్టలేదో అప్పుడైనా నాకు తట్టాలి. తట్టలేదు. తాడు నేనే కట్టాను. వేరే ఎవరు కట్టబోయినా ఊరుకోలేదు, దానికి నొప్పి పుడుతుందని. రిక్షా కదులుతుంటే "మంచిగ సూది ఏపిచ్చుకొని రా" అని చెయ్యి ఊపాను.

ఆ పది రోజులూ చాప మీద మొదటి ప్రార్థన నాదే. ప్రభువా, దవాఖానాలో ఉన్న మా భూరిని ముట్టి స్వస్థపరచు, సూది నొప్పి లేకుండా చెయ్యి, కాంపౌండర్ సారుకు మంచి మనసియ్యి. రోజుకొక మాట చేర్చేదాన్ని. నేను ముగించగానే అమ్మ ఆమేన్ అనేది, నాయన ఆమేన్ అనేవాడు, అందరికంటే చివర మేనత్త అనేది. పదో రోజు దాటింది. ఇంకో వారం ఉంచుకుంటరట అని మేనత్త అంది. నాకు ఆమె మీద అనుమానం రాలేదు, భూరి మీదే దిగులు పట్టుకుంది. రోగం ముదిరిందేమో, నాకు చెప్పడం లేదేమో అనుకున్నాను.

పదమూడో రోజు మేనత్త చర్చిలో ఆడవాళ్ళ కూడికకు పోయింది. పక్కింటి అక్క ఉప్పల్లో మిషన్ కుట్టడం నేర్చుకోవడానికి రోజూ బస్సులో పోయేది. నన్నూ తీసుకుపొమ్మని ఆమె కొంగు పట్టుకున్నాను. "మీ అత్తమ్మకు తెలిస్తే నా తోలు తీస్తది" అంటూనే తీసుకుపోయింది. పశువుల దవాఖానా ముందు నన్ను దింపి, గంటలో వస్తానని చెప్పి క్లాసుకు పోయింది.

రేకుల షెడ్డు, ముందర వేపచెట్టుకు కట్టిన ఒక బర్రె, లోపల ఒక బల్ల. ఖాకీ చొక్కా వేసుకున్న ముసలి కాంపౌండర్ సూదులు మరగబెడుతున్నాడు. నేను నమస్తే పెట్టి, మా భూరిని తీసుకపోనీకి వచ్చిన సార్ అన్నాను. రంగు చెప్పాను, వచ్చిన రోజు చెప్పాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని నన్నూ నా కాలునూ చూశాడు.

"ఈడ కుక్కల్ని ఉంచుకునే జాగ యాడున్నది బిడ్డా? సూది ఇచ్చుడు, పంపుడు. గంతే మా పని."

"ఉన్నది సార్. మా అత్తమ్మ చెప్పింది."

షెడ్డు వెనక తలుపు తీసి చూపించాడు. రెండు ఖాళీ డ్రమ్ములు, ఎండుగడ్డి. ఇంకేమీ లేదు. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి గ్లాసుతో నీళ్ళిచ్చాడు. నేను ఏడవలేదు. ఏదో లెక్క తప్పిందని, ఉప్పల్లోనే ఇంకో దవాఖానా ఉందేమోనని ఆలోచిస్తూ కూర్చున్నాను.

అంతలో ఒకాయన నల్ల కుక్కను తెచ్చి బల్ల మీదికి ఎత్తాడు. కాంపౌండర్ సూది పట్టుకుని దగ్గరికి రాగానే అది మూతి నాక్కుంది. తల తిప్పుకుంది. మళ్ళీ నాక్కుంది. అలవాటు కొద్దీ నా నోటి నుంచి వచ్చేసింది, "దానికి ఆకలైతుంది సార్."

కుక్క తెచ్చినాయన నవ్వాడు. కాంపౌండర్ నవ్వలేదు. సూది పక్కన పెట్టాడు. కుక్కకు పక్కగా తిరిగి నిలబడి, అది కాస్త తేరుకునేదాకా ఆగాడు. ఆగి నాకు చెప్పాడు.

"ఆకలి గాదు బిడ్డా. బుగులు, భయం. బువ్వ ముందట ఉన్నప్పుడు నాక్కునుడు వేరు. బువ్వ లేకుండ నాక్కుంటుందంటే బుగులైతుందన్నట్టు. దానికి మన లెక్క మాటలు రావు గద. ముందుగాల మూతి నాక్కుంటది, మొకం తిప్పుకుంటది, నిద్ర రాకున్నా ఆవులిస్తది. నిన్నేమనను, నన్నిడిసిపెట్టు అని బతిమాలుడు గది. మనం ఇనకపోతే గురుమంటది. గప్పటికీ ఇనకపోతే కరుస్తది. కరిసింది ఒక్కటే సూస్తరు అందరు. అంతకుముందు అది ఎన్నిసార్లు చెప్పిందో ఎవ్వరు సూడరు."

ఆ బెంచీ మీద కూర్చుని ఒక్కొక్కటే లెక్కపెట్టుకున్నాను. ఓనరమ్మ మనవరాలి చేతుల్లో భూరి రెండుసార్లు చెప్పింది. బిస్కెట్ పెట్టమన్నది నేను. మా గుమ్మంలో అడుగడుక్కీ చెప్పింది. నేను రొట్టె తెమ్మన్నాను. నాయన చేతిలో తాడు చూసి అది తొట్టి వెనక దాక్కుంది. నేను పిలిస్తే, భయం భయంగానే, బతిమాలుకుంటూనే వచ్చింది. నేను పిలిచాను కాబట్టి వచ్చింది. నన్ను మేనత్త మోసం చేసిందన్న బాధకంటే ముందు నాకు తెలిసింది, భూరిని మోసం చేసింది నా గొంతు అని. ఆ గొంతును వాళ్ళు నా దగ్గర అడిగి తీసుకున్నారు. ఎందుకో నాకు చెప్పలేదు.

ఆ సాయంత్రం చాప మీద కూర్చున్నాం. మొదటి ప్రార్థన నాది. నేను కళ్ళు మూసుకోలేదు.

"భూరి ఏ దవాఖానల ఉన్నదని ప్రార్థన చెయ్యాలె అత్తమ్మా?"

అమ్మ తల దించుకుంది. నాయన చెప్పాడు. "నారపల్లి అవతల ఇడిసిన బిడ్డా. చెరువు కట్ట కాడ. ఆడ నీళ్ళున్నయి, పొలాలున్నయి. బతుకుతది."

"నువ్వు ఏడుస్తవని చెప్పలే" అంది మేనత్త.

"ఏడిస్తే ఏమైతుండె?" అన్నాను. ఇంకొకటి కూడా అడిగాను. "మరి రోజు ఆమేన్ ఎందుకన్నవ్?"

మేనత్త చాప మీద నుంచి లేచింది. మూలన ఉన్న చెంబు తీసుకుని బయటికి పోయింది. నల్లా చప్పుడు వినబడింది. పుక్కిలించి ఉమ్మిన చప్పుడు వినబడింది. ఒకసారి కాదు. మేము ముగ్గురం ఎవరి ముఖాలూ చూసుకోకుండా వింటూ కూర్చున్నాం. ఆమె ఎంతకీ లోపలికి రాలేదు. ఆ రాత్రి మా ఇంట్లో ప్రార్థన జరగలేదు. నాకు తెలిసి అదే మొదటిసారి.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చికి కట్టుకున్న తెల్లచీరతోనే మేనత్త నన్ను నారపల్లికి తీసుకుపోయింది. అప్పుడు ఆ దిక్కు అంతా పొలాలే. బస్సు దిగి కట్ట మీద నడిచాం. నా కాలు లాగితే కాసేపు నన్ను ఎత్తుకుంది కూడా, అంత పిల్లను. గట్టిగా మాట్లాడడం ఎరగని మనిషి, కట్ట పొడుగునా "భూరీ, భూరీ" అని అరుస్తూ నడిచింది. కల్లు దించుకుని వస్తున్న ఒకాయన, ఇక్కడ శానా కుక్కలున్నయమ్మా, ఏది మీదో ఎట్ల తెలుస్తది అన్నాడు. నేను మాత్రం నోరు తెరవలేదు. పిలిచి ఉంటే వచ్చేదేమో. వస్తే మళ్ళీ ఏ మొహంతో తాడు కట్టాలి? ఎక్కడికి తీసుకుపోవాలి? ఎండ దిగేదాకా తిరిగి ఇంటికొచ్చాం. భూరి దొరకలేదు.

మేనత్త నన్ను క్షమించమని అడగలేదు, నేను క్షమించానని చెప్పలేదు. ఆ తర్వాత కూడా ఆమె దగ్గరే చదువుకున్నాను, ఆమె చివరి రోజుల్లో ఆమెకు చేసే భాగ్యం దేవుడు నాకే ఇచ్చాడు. ఆమె మంచిదని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. అయినా ఆ రోజు తర్వాత ఆమె ఏ మాట చెప్పినా, చీకట్లో మెట్టు తడుముకున్నట్టు ఒకసారి లోపల తడుముకుని గాని నమ్మలేకపోయాను. ప్రేమ తగ్గలేదు. ఆ ఒక్కటీ తిరిగి రాలేదు. ఆ ముసలి కాంపౌండర్ పేరు కూడా నాకు తెలియదు. ఒక కుంటిపిల్ల అడగకుండానే సూది పక్కన పెట్టి నిజం చెప్పిన మనిషి. ఆయన కోసం ఇప్పటికీ వందనాలు చెప్పుకుంటాను.

ఇప్పుడు నేను పీర్జాదిగూడలో మా అమ్మాయి దగ్గర అపార్టుమెంటులో ఉంటున్నాను. కింద సెల్లార్లో ఒక తెల్లకుక్క ఉంటుంది. ఎవరి దగ్గరికీ పోదు, నా దగ్గరికి వస్తుంది. మొన్నామధ్య కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే బండి వచ్చింది. వల పట్టుకున్న కుర్రాళ్ళు అరగంట తిరిగారు, అది కార్ల కింద నుంచి రాలేదు. వాచ్‌మన్ పైకి వచ్చి తలుపు కొట్టాడు.

"అమ్మా, జర మీరొచ్చి పిలువున్రి. మీరు పిలిస్తే వస్తది."

నేను కిందికి పోయాను. బండి అతను మర్యాదస్తుడు. "నాలుగు రోజులల్ల ఈడ్నే తెచ్చి ఇడుస్తం ఆంటీ, ఒట్టు" అన్నాడు. అతన్ని నేను నమ్మాను. అది దానికి మంచిదేనని కూడా తెలుసు. అయినా పిలవలేదు. "మీ పని మీరు చేసుకోండి నాయనా, నా గొంతు మాత్రం అడగకండి" అన్నాను. ఇంకో గంట దాన్ని తరిమి తరిమి వలలో పట్టారు. అది ఎంత అరిచిందో మూడో అంతస్తులో మా ఇంటి దాకా వినబడింది. ఒక్క పిలుపుతో అయిపోయే దానికి ఎంత బాధపెట్టించారు ఆంటీ అని కింది ఫ్లాటు అమ్మాయి నా ముందే అంది. ఆమె మాటలో న్యాయం లేకపోలేదు. నేను చేసింది సరైనదేనా అని ఆ రాత్రి దేవుణ్ణి అడిగాను. జవాబు వచ్చిందని అబద్ధం చెప్పను.

బండి అతను మాట నిలబెట్టుకున్నాడు. అయిదో రోజు పొద్దున చెవి కొన కత్తిరించిన కుక్కను గేటు దగ్గర వదిలిపోయాడు. అది వాచ్‌మన్‌ను చూసి గుర్రుమంది. బిస్కెట్లు వేసే పిల్లలను చూసి కార్ల కిందికి దూరింది. నేను దిగిపోయి సెల్లార్ మెట్టు మీద పక్కకు తిరిగి కూర్చున్నాను. కారు కింద నుంచి అది నన్ను చూసి మూతి నాక్కుంది. నాకు తెలుసు తల్లీ అనుకుని, చెయ్యి చాపకుండా, ముఖం అటు తిప్పుకున్నాను. స్కూలు బస్సు వచ్చి పోయింది, పాలవాడు వచ్చి పోయాడు. మోకాలు నొప్పి పుడుతున్నా కదలలేదు. చాలాసేపటికి నా నడుముకు ఏదో వెచ్చగా ఆనింది. నేను దాన్ని పిలవలేదు.